లకారం గట్టు మీద ఏం పని?

దసరా సెలవుల్లో కొత్తగూడెం నుంచి ఖమ్మం తిరిగొస్తున్నాను. భద్రాచలం నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ అప్పటికే కిక్కిరిసి ఉంది. నా ముందు సీట్లో ముగ్గురు ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పదేళ్ల పిల్ల. వాళ్లది చర్ల అవతలి ఊరు. చీకటితోనే లేచి, భద్రాచలంలో బస్సు మారి వస్తున్నారట. తమలో తాము కోయలో మాట్లాడుకుంటున్నారు. కాళ్ల దగ్గర సద్ది సంచి, చేతుల్లో ఆధార్ కార్డులు. సీటు దొరకని పెద్దమనిషి ఒకాయన చాలాసేపు కడ్డీ పట్టుకుని ఊగి, జూలూరుపాడు దాటాక ఉండబట్టలేక అడిగాడు: “ఏమ్మా, ఖమ్మంలో ఏం పని?”

“పనేం లేదు సారూ,” అంది పెద్దావిడ. “లకారం చెరువు కాడ తీగల వంతెన ఏసిండ్రంట. పిల్ల చూస్తనన్నది. చూసి మాపటి బస్సుకు పోతం.”

చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. “పన్లేనోళ్లంతా బస్సులెక్కితే, పనున్నోళ్లం ఇట్లా వేలాడాల్సిందే,” అని ఆయన అందరికీ వినబడేలా తీర్పు చెప్పేశాడు. ఆవిడ సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. నేను నవ్వలేదు గానీ, నోరు కూడా విప్పలేదు. ఆ రోజు గొంతులో ఆగిపోయిన జవాబే ఈ వ్యాసం.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైన నాటి నుంచి ఈ తీర్పు వింటూనే ఉన్నాం. టీ కొట్టు దగ్గర, పెళ్లి భోజనాల దగ్గర, సెల్‌ఫోన్ వీడియోల్లో ఒకటే మాట: పనీపాటా లేకుండా తిరుగుతున్నారు. 2024 ఆగస్టులో, బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్న ఆడవాళ్ల వీడియో మీద రాష్ట్రమంతా ఎంత వెటకారం నడిచిందో గుర్తుండే ఉంటుంది. చేతికి పని ఉన్నా వెక్కిరింపే, లేకపోయినా వెక్కిరింపే. ఈ మాటలో నిజానికి రెండు అభిప్రాయాలు కలిసిపోయి ఉన్నాయి. బీదవాళ్ల ప్రయాణానికి ఏదో ఒక పని సాకుగా ఉండాలన్నది మొదటిది. చేతిలో డబ్బుల్లేనివాళ్లు పట్నం వచ్చి అనుభవించేదేముందన్నది రెండోది. మొదటిది అన్యాయం, రెండోది అజ్ఞానం.

మొదటి దాని సంగతి నాతోనే మొదలుపెడతాను. నేను బడి పంతులమ్మను. నెల తిరిగేసరికి జీతం ఖాతాలో పడుతుంది. ఆ రోజు అదే బస్సులో నా చేతిలోనూ ఉచిత ప్రయాణపు సున్నా టికెట్టే ఉంది. మా అక్కగారింట్లో రెండు రోజులు తిని పడుకుని వస్తున్నాను తప్ప నాకూ రాచకార్యమేమీ లేదు. ఆ పెద్దమనిషి నన్ను మాత్రం అడగలేదు. భుజాన హ్యాండ్‌బ్యాగూ, కళ్లకు అద్దాలూ ఉంటే పని ఉన్నట్టే లెక్క కాబోలు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి నాలుగేళ్లకోసారి దేశంలో ఎక్కడికైనా కుటుంబంతో వెళ్లి రావడానికి ఎల్‌టీసీ ఇస్తున్నారు. అదీ ప్రజల డబ్బే. కశ్మీరు వెళ్లొచ్చిన గుమాస్తాగారిని పట్టుకుని “అక్కడ మీకేం పని?” అని అడిగిన వాళ్లను నేనింతవరకూ చూడలేదు. ఫొటోలు చూపించమని అడుగుతాం. కాఫీ ఇచ్చి మరీ అడుగుతాం.

ఇక ఆ ముగ్గురి సంగతి. ఇంకో మూడు నెలలు ఆగితే, వాళ్లో, వాళ్ల ఊరివాళ్లో ఇదే దారిన మళ్లీ వస్తారు. అప్పుడు ఎక్స్‌ప్రెస్ బస్సులో కాదు, ట్రాక్టర్ ట్రక్కుల్లో, డీసీఎంలలో, నిలబడే చోటు కూడా లేకుండా. ఖమ్మం చుట్టుపక్కల మిర్చి చేలన్నీ ఎర్రబడే కాలం అది. ఏజెన్సీ నుంచి, అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసుకుని, కళ్లూ చేతులూ మండుతుంటే వారాల తరబడి కాయ ఏరతారు. ఆ మిర్చే ఖమ్మం మార్కెట్ యార్డును నింపుతుంది. ఆ రద్దీని చూసి ఏ పెద్దమనిషీ విసుక్కోడు. పైగా కూలీలు ఇంకా దిగలేదేమని రైతులు ఫోన్లు చేస్తారు. వంగి కాయ ఏరడానికి వస్తే వీళ్లు మనకు కావలసినవాళ్లు. నిటారుగా నిలబడి చెరువును చూడ్డానికి వస్తే మాత్రం పన్లేనివాళ్లు.

అడవి అంచు ఊళ్లవాళ్లు ఇన్నాళ్లూ పట్నాన్ని ఏయే వేళల్లో చూశారో ఒకసారి లెక్కవేసుకోండి. కాన్పు కష్టమైతే ఆసుపత్రిగా చూశారు. పట్టా కాగితం కోసం ఆఫీసు వరండాగా చూశారు. కేసు పడితే కోర్టు మెట్లుగా చూశారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఎన్నో ఒడ్డు ఊళ్లు ఇల్లూ వాకిలీ వదిలి పునరావాస కేంద్రాల్లో పడి ఉన్నాయి. వాళ్లకు అప్పుడు పట్నమంటే బడి గదిలో పరిచిన పట్టా. ఇక దారిలో చెక్‌పోస్టు దగ్గర ఆపి “ఎవరు నువ్వు, ఎక్కడికి, ఎందుకు?” అని అడగడం ఈ ప్రాంతంలో దశాబ్దాలుగా నడిచిన సంగతే. బస్సులో పెద్దమనిషి నోటి వెంట వచ్చిన ప్రశ్న ఆయన కనిపెట్టింది కాదు. ఆవిడ చెవులు పుట్టినప్పటి నుంచి వింటున్నదే. అందుకే ఆవిడ సంచి దగ్గరికి లాక్కుంది.

ఇక మన వైపు చూడండి. శని, ఆదివారాలు కలిసొస్తే ఖమ్మం సగం అడవి దారి పడుతుంది. పాల్వంచ పెద్దమ్మ గుడి, అక్కణ్ణుంచి కిన్నెరసాని జలాశయం, అక్కడి జింకలు. భద్రాద్రి రాముడి దర్శనం, దుమ్ముగూడెం దారిలో పర్ణశాల, పోచవరం రేవులో లాంచీ ఎక్కి పాపికొండలు. దారిలో వెదురు బొంగులో కోడి. ఏజెన్సీ సంత కనబడితే కారు ఆపి, ఇప్పపువ్వు రాశుల పక్కన నిలబడి ఫొటో దిగుతాం. పిల్లకు తల దువ్వుతున్న తల్లిని కూడా అడక్కుండానే ఫొటో తీస్తాం. దీన్ని విహారయాత్ర అంటాం, ప్రకృతి ఒడి అంటాం. పట్నం అడవిని చూడబోతే విహారం, అడవి పట్నాన్ని చూడవస్తే తిరుగుళ్లా?

ఈ అలవాటు ఇవాల్టిది కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారంతో, పల్లకి బోయీలతో వెళ్లాడు. ఆయన రాసుకున్నది తెలుగు యాత్రాసాహిత్యానికి మొదటి మెట్టయింది, ఆ గౌరవం దానికి దక్కాల్సిందే. కానీ ఆయన్ను మోసిన బోయీలు కూడా ఆ నదులనూ ఆ ఊళ్లనూ చూశారు. పల్లకిలో కూర్చున్నవాడు చూస్తే యాత్ర, మోసినవాడు చూస్తే కూలి. మోసేవాడికీ రెండు కళ్లున్నాయన్న సంగతి మనకు ఇంకా పూర్తిగా తట్టలేదు.

ఇది మన ఒక్కరి అలవాటే కాదు. 1936లో ఫ్రాన్సులో కార్మికులకు మొదటిసారి చట్టప్రకారం రెండు వారాల జీతంతో కూడిన సెలవు దక్కింది. లియో లగ్రాంజ్ అనే యువమంత్రి వాళ్లకు రైలు టికెట్లో 40 శాతం తగ్గింపు ఇప్పించాడు. ఆ వేసవిలో ఫ్యాక్టరీ కుటుంబాలు జీవితంలో మొదటిసారి సముద్రం చూడ్డానికి వెళ్తే, అక్కడి సంపన్నులు ముక్కులు మూసుకున్నారు. ‘జీతపు సెలవులవాళ్లు’ అన్న మాటనే తిట్టుగా వాడారు. ఇవాళ ఆ తిట్టు గుర్తున్నవాళ్లు తక్కువ, వేసవిలో సముద్రానికి వెళ్లడం అక్కడ మామూలు సంగతి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ ప్రతి మనిషి హక్కుగా చెప్పింది. ఉపాధి హామీ కూలికి, మిర్చి కూలికి జీతపు సెలవు ఎవరిస్తున్నారు? పని మాని, కూలి పోగొట్టుకునే ఆమె ఆ రోజును తనకు తాను ఇచ్చుకుంటోంది. ప్రభుత్వమిచ్చింది బస్సు టికెట్టే. సెలవు ఖర్చు ఆమెదే.

రెండో అభిప్రాయానికి, అంటే డబ్బు లేకుండా పట్నంలో అనుభవించేదేముందన్న మాటకు, నాకూ పుస్తకాల్లో జవాబు దొరికేది కాదు. ఖమ్మం బస్టాండులో దిగాక సిగ్గేసి, “దారి చూపిస్తాను రండి” అని వాళ్లతో నడిచాను. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. ఆ రోజు దారి చూపించింది నేనే గానీ ఊరు చూపించింది వాళ్లే.

ముందు ఖిల్లాకు వెళ్లాం. ఊరి నడుమ ఏనుగు పడుకున్నట్టుండే రాతి గుట్ట, దాని చుట్టూ కోట గోడలు. కాకతీయుల కాలం నుంచి కుతుబ్‌షాహీల దాకా, ఆ తర్వాత అసఫ్‌జాహీల దాకా ఎవరి చేతికొస్తే వాళ్లు పెంచుకుంటూ పోయిన కోట. గుట్ట కింద జాఫర్ బావి మెట్ల దగ్గర పెద్దావిడ చాలాసేపు ఆగిపోయింది. కోట మీది ఫిరంగి ఆమెకు పట్టలేదు. “ఇంత రాయిల నీళ్ల జాడ ఎట్ల పట్టిండ్రు?” అంది. ఎండాకాలం చెలమ తవ్వి నీళ్లు తోడుకున్న మనిషికే ఆ ప్రశ్న పుడుతుంది. పిల్లల్ని ప్రతి ఏడూ ఇక్కడికి విహారానికి తెస్తాను. రాజుల పేర్లు వల్లె వేయించాను తప్ప నీళ్లెలా దొరికాయో ఒక్కరికీ చెప్పలేదు.

పైనుంచి ఊరంతా కనబడింది. అటు మున్నేరు. 2024 సెప్టెంబరు 1న ఒడ్డు కాలనీల్లోకి వచ్చి ఇళ్లు ముంచేసిన ఏరు ఇదేనని చెబితే, వాళ్లు గోదావరి పిల్లను చూసినట్టు చూశారు. ఇటు రైలు కట్ట. ఆ పిల్ల రైలును దగ్గరగా ఎప్పుడూ చూడలేదట. స్టేషనుకు పోయి పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్లు తీసుకున్నాం. పది రూపాయలకు ఆ పిల్ల చూసినంత వినోదం ఏ మల్టీప్లెక్సులోనూ దొరకదు. విజయవాడ వైపు ఎక్స్‌ప్రెస్ ఒకటి వచ్చి ఆగింది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, ఏడ్చేవాళ్లు. అది పోయాక బొగ్గు గూడ్సు వచ్చింది. పిల్ల పెట్టెలు లెక్కపెట్టింది, మధ్యలో తప్పింది, మళ్లీ మొదలుపెట్టింది. “ఆ బొగ్గు మా దిక్కుదే కదా?” అంది ఆవిడ. అయ్యుండొచ్చన్నాను. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైన నాటి నుంచి ఈ అడవి కింది బొగ్గు పట్నాలకు పోతూనే ఉంది. వెదురు పోతోంది, తునికాకు పోతోంది, కాయ ఏరే చేతులు పోతున్నాయి. ఏ వస్తువు పోతున్నా ఏం పనని ఎవరూ అడగలేదు.

కస్బా బజారులో అద్దాల కొట్ల ముందు కాస్త తటపటాయించారు. కొనకపోతే లోపలికి రానిస్తారో లేదోనని. బయట నిలబడే చీరలు చూశారు, అంచుల గురించి కోయలో ఏదో గట్టి చర్చే జరిగింది. పక్క వీధిలో పిల్లకు గాజులు కొన్నారు, బేరం నాకంటే బాగా చేశారు. లకారం గట్టు మీద చెట్టు నీడన సద్ది విప్పారు. అన్నం, గోంగూర పచ్చడి, వేయించిన ఎండు చేపలు. నాకూ ఒక ముద్ద పెట్టారు. తీగల వంతెన మీద పిల్ల అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది. మొదటిసారి కళ్లు మూసుకుని, చివరిసారి పరిగెత్తుతూ. చీర కొంగు ముడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న మూడు వందల్లో సాయంత్రానికి కూడా కొంత మిగిలే ఉంది.

చవకగా ఊరు చూసి రావడమన్నది వాళ్లకు కొత్త విద్య కాదు. తిరునాళ్లకు పోయే ఇల్లాలికి తరతరాలుగా తెలిసిందే: సద్ది కట్టుకో, చుట్టాలింట్లో పడుకో, కాళ్లున్నంత మేర నడువు, చిన్న పిల్లకు ఒక వస్తువు కొను, మిగతావన్నీ కళ్లతో కొను. సాఫ్ట్‌వేర్ కుర్రాడు వీపున సంచీ తగిలించుకుని, చవక గదిలో పడుకుని, రోడ్డు పక్కన తిని వస్తే దానికి ‘బడ్జెట్ ట్రావెల్’ అని పేరు పెట్టి మెచ్చుకుంటాం. అదే విద్యను చర్ల అవతలి ఆడమనిషి చూపిస్తే పనీపాటా లేదంటాం. నిజానికి పట్నంలో డబ్బులు ధారపోసేది సరదా తెలియనివాళ్లే. మాల్‌లో మూడు గంటలు తిరిగి రెండు వేలు వదిలించుకుని, ఏం చూశావంటే చెప్పలేని పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు.

ఎదుటివాళ్ల వాదనలో పస లేదని అనను. “ప్రజల డబ్బుతో షికార్లా?” అంటారు. 2025 జూలైకి సున్నా టికెట్లు 200 కోట్లు దాటాయని ప్రభుత్వమే ప్రకటించింది. చిన్న ఖర్చేమీ కాదు, ఆ డబ్బు ఆర్టీసీకి సక్రమంగా చేరుతోందా లేదా అని నిలదీయాల్సిందే. కానీ లకారం గట్టు కట్టింది ఎవరి డబ్బుతో? తీగల వంతెన, దీపాలు, నడక దారి? అన్నీ ప్రజల డబ్బే. వాటికి దగ్గర్లో ఉన్నవాళ్లు పొద్దునా సాయంత్రం అనుభవిస్తే నగరాభివృద్ధి, దూరాన ఉన్నవాళ్లు ఏడాదికోసారి చూసిపోతే దుబారా. ఈ లెక్కలో తప్పు టికెట్టు దగ్గర లేదు.

రద్దీ నిజం. కాలేజీ పిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు, టికెట్టు కొన్న మగవాళ్లు గంటలు నిలబడుతున్నారు. ఆ పెద్దమనిషి కాళ్ల నొప్పి నకిలీది కాదు. అయితే ఆ నొప్పికి మందు ఇంకో బస్సు. ముందు సీట్లో కూర్చున్న ఆవిడను సిగ్గుపరిస్తే బస్సు పుట్టదు. జనం పెరిగినా బస్సులు పెరగలేదంటే అడగాల్సింది డిపోను, ప్రభుత్వాన్ని. ఉచిత బస్సులొచ్చి గిరాకీ తగ్గిన ఆటో డ్రైవర్ల నష్టం అంతకంటే నిజం. వాళ్లకిచ్చిన మాట నిలబెట్టుకోమని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి. ఒక బీదవాడి నష్టాన్ని చూపించి ఇంకో బీదమనిషిని ఇంట్లో కూర్చోమనడం మాత్రం న్యాయం కాదు.

నిజంగా ఈ పథకంలో తప్పు పట్టాలనుకుంటే భద్రాచలం ఊరి చివరికి వెళ్లండి. 2014 విభజనలో భద్రాచలం ఊరు తెలంగాణకు మిగిలి, చుట్టూ ఉన్న కొన్ని మండలాలు ఆంధ్రకు వెళ్లాయి. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల ఊళ్లు భద్రాచలానికి అల్లుకునే ఉన్నా వేరే రాష్ట్రం. అక్కడి ఆడమనిషి బియ్యానికీ మందుకూ సినిమాకూ భద్రాచలమే వస్తుంది. ఖమ్మం బస్సెక్కితే మాత్రం ఆమె ఆధార్ చెల్లదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలోనూ ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది గానీ, రాష్ట్రం దాటే బస్సుకు అది వర్తించదు. పోలవరం ముంపు పేరుతో ఊళ్లు మార్చారు, జిల్లాలు మార్చారు, రాష్ట్రమే మార్చారు. ఆమె మాత్రం ఎక్కడికీ కదల్లేదు, గీతే ఆమె ఇంటి ముందు నుంచి పోయింది. తిరుగుళ్లు ఎక్కువయ్యాయని కాదు, ఇలాంటివాళ్లకు ఇంకా అందలేదని కదా మనం గోల పెట్టాల్సింది.

సాయంత్రం బస్టాండుకు నడుస్తుంటే పెద్దావిడ నన్నడిగింది, “అమ్మా, మీరెప్పుడన్న మా దిక్కు వచ్చిండ్రా?”

“వచ్చాను. పర్ణశాలకు రెండుసార్లు, పాపికొండలకు ఒకసారి.”

“ఏం పని మీద?”

వెటకారం కాదు, మామూలుగానే అడిగింది. నాకు జవాబు దొరకలేదు. “ఊరికే, చూద్దామని” అన్నాను. “మంచిగ చేసిండ్రు” అంది.

భద్రాచలం బస్సు వచ్చింది. రాత్రికి అక్కడ చుట్టాలింట్లో పడుకుని పొద్దున్నే చర్ల బస్సు ఎక్కుతారట. పిల్ల కిటికీ పక్కన చేరి కొత్త గాజులు ఆడిస్తోంది. కండక్టర్ మిషను పట్టుకుని వాళ్ల దగ్గర ఆగి, “ఎక్కడికమ్మా?” అన్నాడు. భద్రాచలమన్నారు. టికెట్లు చింపి ఇచ్చి ముందుకు పోయాడు. ఎక్కిన ఊరు, దిగే ఊరు, తేదీ, సమయం. కండక్టర్‌కు అంతకు మించి అక్కర్లేదు.